కీ నొక్కే ముందు కుక్కని చూడు

చిట్టీ,

నీ మెసేజ్ చూశాను. ఫిషింగ్ హార్బర్లో కుక్కల వీడియో ఇరవై గంటలు తీశావు, ఇప్పుడు అవి ఎప్పుడేం చేశాయో లెక్కకట్టడానికి ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటావు పిన్నీ అని అడిగావు. ఏదీ కొనకు. ఇటలీలోని టురిన్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన బోరిస్ ఉంది, ఉచితం. వీడియో నడుస్తుంటే నువ్వు కీ నొక్కుతావు, ఏ క్షణంలో ఏం జరిగిందో అది రాసుకుంటుంది. అంతే, టిక్కులు పెట్టుకునే నోట్‌బుక్కుకి గడియారం కట్టినట్టు. అబ్జర్వర్ లాంటి డబ్బులు పెట్టి కొనేవి ఇంకా చాలా చేస్తాయి గానీ నీ పనికి అవన్నీ అక్కర్లేదు.

నువ్వు టెన్షన్ పడాల్సింది సాఫ్ట్‌వేర్ గురించి కాదు, నాకు పంపిన ప్రవర్తనల పట్టిక గురించి. అదే, మీరు ఎథోగ్రామ్ అంటారే, అది. అందులో 'ఆకలిగా చూడడం' అని రాశావు. ఆకలి నీకెక్కడ కనబడింది తల్లీ? వీడియోలో ఉన్నది ఇదీ: బోటు మీంచి చేపల బుట్ట దించారు, కుక్క బారెడు దూరంలో ఆగింది, చెవులు ముందుకి, ముక్కు బుట్ట వైపు, తోక కదల్లేదు. మరి అదే రాయి. 'నిద్ర' సంగతీ అంతే. వలల కుప్ప మీద కళ్ళు మూసుకుని పడుకున్న కుక్క, ఐసుగడ్డ కింద పడ్డ చప్పుడుకి ఒక్క చెవి తిప్పుతుంది. అది నిద్రో కాదో ఎవరు చెప్తారు? 'కళ్ళు మూసుకుని పడుకోవడం' అని రాస్తే పేచీ లేదు.

ఈ పట్టిక కుదిరేదాకా కోడింగ్, అదే వీడియో చూస్తూ కీలు నొక్కడం, మొదలుపెట్టకు. నేనోసారి జింకల వీడియోలు చేస్తూ సగంలో 'మేయడం' అర్థం మార్చేశాను. మొదట తల దించితే చాలనుకున్నా, తర్వాత గడ్డి కొరికితేనే మేత అన్నా. పదకొండు వీడియోలు మళ్ళీ మొదటినుంచి చేశాను. మీ బాబాయి ఇప్పటికీ వేళాకోళం చేస్తారు.

పడుకోవడం, నడవడం లాంటి వాటికి మొదలూ చివరా ఉంటాయి, అవి స్టేట్ ఈవెంట్లు. ఒక్క మొరుగు క్షణంలో అయిపోతుంది, అది పాయింట్ ఈవెంట్. స్టేట్ మొదలుపెట్టి ముగించడం మర్చిపోతే లెక్కంతా పాడు. జత కుదరనివి బోరిస్ చూపిస్తుంది, ఏ రోజుకారోజు తనిఖీ చేయించు.

ఇంకోటి. అల్లరి చేసే కుక్కే మన కంట్లో పడుతుంది, మూల పడుకున్నది లెక్కలోకే రాదు. 1974లో జంతువుల ప్రవర్తన మీద పనిచేసే జీన్ ఆల్ట్‌మన్ రాసిన వ్యాసం ఈ చిక్కుల మీదే, తప్పకుండా చదువు. చీటీలు వేసి ఒక కుక్కని ఎంచుకో, పది నిమిషాలు దాన్నే చూడు. పక్కన రెండు కుక్కలు కొట్టుకుంటున్నా సరే. అది బోటు చాటుకి పోతే 'కనబడలేదు' అని ఒక కీ ఉండాలి, ఆ సమయం మొత్తంలోంచి తీసెయ్యాలి. ఈ కీ నీ పట్టికలో లేనే లేదు.

బుట్టలు మోసేవాళ్ళ ముఖాలు కూడా వీడియోలో పడ్డాయి కదా, వాళ్ళకి చెప్పి తీశావా? లేకపోతే వెళ్ళి అడుగు, మీ గైడుకీ చెప్పు.

ఫైళ్ళు రెండు చోట్ల పెట్టు. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా కిటికీ అద్దం పగిలి నోట్‌బుక్కులన్నీ తడిశాయి. పెన్నుతో రాసినవి చెదిరిపోయాయి, పెన్సిల్‌తో రాసినవి మిగిలాయి. హార్బర్‌కి వెళ్ళేటప్పుడు నువ్వూ పెన్సిలే పట్టుకెళ్ళు.

ఆదివారం పెన్‌డ్రైవ్‌లో పది నిమిషాల క్లిప్పు తీసుకురా. నువ్వో గదిలో, నేనో గదిలో కూర్చుని విడివిడిగా కోడ్ చేద్దాం. ఇద్దరి లెక్కా ఎంత కలిసిందో బోరిసే కప్పా విలువ వేసి చెబుతుంది. ఒకటి వస్తే పూర్తిగా కలిసినట్టు. రాదులే, ఆ తోక దగ్గరే మనిద్దరికీ గొడవ ఖాయం. భోజనం ఇక్కడే చేద్దువుగాని.

పిన్ని