అసలు కంటే కొసరు ముద్దయితే గనికి కష్టం

అమ్మడూ,

నీ మెయిల్ రెండుసార్లు చదివాను. రేర్ ఎర్త్ (లాంథనం, సీరియం, నియోడిమియం లాంటి లోహాలు) ప్రాజెక్టులో ఉప ఉత్పత్తుల లెక్క, అంటే అసలు సరుకు వెంట వచ్చే కొసరు లెక్క, నీ నెత్తిన పెట్టారని, వారంలో ఏదో ఒకటి తేల్చమంటున్నారని, టెన్షన్‌గా ఉందని రాశావు. వారంలో తేలే పని కాదని ముందే చెప్పెయ్, తర్వాత చెప్తే సాకులా వినబడుతుంది. నువ్వు పంపిన షీటులో ఫ్లోరైట్, బేరైట్ (అదే ముగ్గురాయి), నియోబియం, స్కాండియం, థోరియం అన్నీ వరసగా ఉన్నాయి, ఒక్కోదాని పక్కన టన్నులు, టన్నుల పక్కన ధర, ధర పక్కన కళ్లు తిరిగే మొత్తం. ఆ చివరి కాలమ్ ఇవాళే తీసెయ్. రాయిలో ఉన్నదాన్ని మార్కెట్ ధరతో గుణిస్తే వచ్చేది విలువ కాదు, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంటుంది.

నేను మొదట చేసే పని ఒకటుంది. ఉప ఉత్పత్తుల ఆదాయం మొత్తం సున్నా అనుకుని ప్రాజెక్టు లెక్క వేస్తాను. రేర్ ఎర్త్‌ల మీదే గని నిలబడితే, అప్పుడు కొసరు గురించి మాట్లాడుకోవచ్చు. నిలబడకపోతే, ఫ్లోరైట్ అమ్మి నిలబెడతామని ఎవరైనా అంటే, అది రేర్ ఎర్త్ ప్రాజెక్టు కాదు, ఫ్లోరైట్ గని, దాన్ని ఫ్లోరైట్ గనిలాగే పరీక్షించాలి. తిరగబడ్డ సందర్భాలూ ఉన్నాయిలే. చైనాలోని బయాన్ ఓబోను 1927లో ఇనుప ఖనిజం కోసం కనిపెట్టారు, రేర్ ఎర్త్‌లు ఆ తర్వాత బయటపడ్డాయి, తవ్వకం ఖర్చు చాలావరకు ఇనుము మోస్తుంది కాబట్టే అక్కడి రేర్ ఎర్త్‌లతో పోటీ పడటం మిగతావాళ్లకు కష్టమైంది. బీచ్ శాండ్‌లో మోనజైట్ అనే రేర్ ఎర్త్ ఖనిజం కూడా అంతే, ఇల్మనైట్, జిర్కాన్ కోసం తవ్వితే వెంట వచ్చేది. అంటే ఏది అసలు, ఏది కొసరు అన్నది రాయి చెప్పదు, తవ్వకం ఖర్చు ఎవరి మీద పడుతుందో అది చెప్తుంది.

ఇప్పుడు నీ షీటులో అసలు తప్పు. ల్యాబ్ నీకు మూలకాలు ఇచ్చింది, నువ్వు వాటిని ఖనిజాలుగా రాసేశావు. ఫ్లోరిన్ 2 శాతం వచ్చింది, 2.055తో గుణించి ఫ్లోరైట్ 4.1 శాతం అని వేశావు. గుణకం సరైనదే. కానీ నీ రేర్ ఎర్త్ ఖనిజం బాస్ట్నసైట్ కదా, దానిలోనే ఫ్లోరిన్ ఉంది, బరువులో సుమారు 8.7 శాతం. నీ సగటు రేర్ ఎర్త్ ఆక్సైడ్ గ్రేడ్ (రాయిలో దాని పాలు) 6 శాతం, బాస్ట్నసైట్‌లో ఆక్సైడ్‌లు దాదాపు 75 శాతం, అంటే రాయిలో బాస్ట్నసైట్ 8 శాతం దాకా ఉన్నట్టు, అది ఒక్కటే 0.7 శాతం ఫ్లోరిన్ పట్టుకుని కూర్చుంది. మిగిలిన 1.3 మొత్తం ఫ్లోరైట్‌లోనే ఉందనుకున్నా 2.7 శాతం దాటదు. అపటైట్‌లో కొంత, మైకాలో కొంత ఉంటుంది కాబట్టి అదీ రాదు. ఒక్క గుణకారంతో మూడోవంతుకు పైగా గాలిలో కలిసిపోయింది చూడు. బేరియం కూడా ఇంతే. తాజా కార్బొనటైట్‌లో (కాల్సైట్ లాంటి కార్బొనేట్‌లతో నిండిన అగ్నిశిలలో) ఎక్కువగా ముగ్గురాయిగానే ఉండొచ్చు, కానీ పైన బాగా వాతావరణానికి గురై మట్టిగా మారిన పొరలో బేరియం గోర్సెక్సైట్ అనే ఫాస్ఫేట్‌లోకి వెళ్లి ఉండొచ్చు, దాన్ని ముగ్గురాయిగా ఎవరూ కొనరు. అందుకే పై పొరనీ కింది రాయినీ ఒకే సగటులో కలపకు.

నియోబియం దగ్గర నేనే బోల్తా పడ్డాను, చెప్తాను విను. చాలా ఏళ్ల కిందట ఒక కార్బొనటైట్ ప్రాజెక్టులో నియోబియం గ్రేడ్ చూసి ఉత్సాహపడి, దానంతటినీ నియోబియం తీసే ముఖ్య ఖనిజమైన పైరోక్లోర్ అనుకుని, రికవరీ (రాయిలో ఉన్నదాంట్లో చేతికొచ్చే శాతం) కూడా ఇంకెక్కడిదో గని నుంచి తెచ్చి పెట్టి, రిపోర్టులో ఘనంగా రాశాను. మైక్రోస్కోప్ కింద పెట్టి చూసేసరికి నియోబియంలో పెద్ద భాగం రూటైల్, ఇల్మనైట్ లోపలే ఇరుక్కుని ఉంది, ఉన్న పైరోక్లోర్ గింజలు కూడా ఎంత సన్నగా ఉన్నాయంటే వాటిని విడదీసేంత మెత్తగా నూరితే మొత్తం బురదైపోతుంది. రిపోర్టు తిరగరాయాల్సి వచ్చింది. ఆ మీటింగులో నేను ఎటు చూశానో నాకే గుర్తులేదు. బయాన్ ఓబోలో కూడా నియోబియం నిల్వ చాలా పెద్దదే, అయినా దశాబ్దాలుగా సరిగ్గా తీయలేకపోవడానికి కారణం ఇదే, గింజ సన్నం, పైగా ఒకే ఖనిజంలో కాకుండా ఎన్నో ఖనిజాల్లో చెదిరి ఉండటం. కాబట్టి ఆటోమేటెడ్ మినరాలజీకి, అంటే యంత్రం గింజ గింజనీ స్కాన్ చేసి ఖనిజాల్ని గుర్తించే పరీక్షకి, డబ్బు అడుగు. డ్రిల్ చేసి తీసిన మొత్తం కోర్‌కి అక్కర్లేదు, ఒక్కో రకం రాయికి కొన్ని మంచి శాంపిళ్లు చాలు. ప్రతి మూలకం ఏ ఖనిజంలో ఎంత, గింజ సైజు ఎంత, విడిగా వస్తుందా ఇంకోదానికి అంటుకుని వస్తుందా, ఈ మూడూ తెలియకుండా ఒక్క టన్ను కూడా రాయకు.

ల్యాబ్ పద్ధతి కూడా అడిగి తెలుసుకో. పాత డ్రిల్ హోల్స్‌కి నాలుగు యాసిడ్‌ల పద్ధతి వాడి ఉంటే జిర్కాన్ సరిగ్గా కరగదు, నియోబియం తక్కువ చూపించొచ్చు, బేరియం కరిగినా మళ్లీ సల్ఫేట్‌గా కింద పేరుకుంటుంది. ఫ్యూజన్, అంటే రాతి పొడిని ఫ్లక్స్‌తో కలిపి కరిగించే పద్ధతి, చేయించాలి. ఎక్కువ బేరియం ఉంటే ఎక్స్‌రేలతో మూలకాల్ని కొలిచే ఎక్స్ఆర్ఎఫ్, ఫ్లోరిన్‌కి వేరే పద్ధతి. పాత అంకెల్నీ కొత్త అంకెల్నీ కలిపి మోడల్ చేశారేమో చూడు, చాలాచోట్ల చేస్తారు.

సరే, ఖనిజం ఉందని తేలింది. తర్వాతి ప్రశ్న, ప్లాంటులో అది ఎటు పోతుంది? నన్నడిగితే ఈ పని మొత్తంలో పట్టుబట్టి అడగాల్సిన ప్రశ్న ఇదే. బాస్ట్నసైట్‌ని ఫ్యాటీ యాసిడ్‌తో నురగలో తేలుస్తారు, అదే యాసిడ్‌కి ముగ్గురాయి, ఫ్లోరైట్, కాల్సైట్ కూడా తేలతాయి. అమెరికాలోని మౌంటెన్ పాస్‌లో సోడా యాష్, లిగ్నిన్ సల్ఫొనేట్ వేసి, ఆవిరితో వేడి చేసి, ముగ్గురాయిని అణిచి బాస్ట్నసైట్‌ని తేల్చేవాళ్లు. అంటే ముగ్గురాయి టెయిలింగ్స్‌లోకి, ప్లాంటు వదిలే వ్యర్థపు బురదలోకి, పోతుంది, అదీ రకరకాల రసాయనాలు ఒంటికి పూసుకుని. రేపు దాన్ని తిరిగి తేల్చాలంటే శుభ్రమైన కోర్ ముక్క మీద చేసిన టెస్టు పనికిరాదు. అసలు ప్రాసెస్ పైలట్ టెస్టులో వచ్చిన టెయిలింగ్స్ తీసుకుని, వాటి మీద చేయాలి. చాలా రిపోర్టుల్లో కొసరు రికవరీ అద్భుతంగా కనబడటానికి కారణం, దాన్ని తాజా రాయి మీద విడిగా టెస్టు చేయడమే. ఒకే రాయిని రెండుసార్లు అమ్మినట్టు.

సాంద్రత చూసి కూడా మోసపోకు. బాస్ట్నసైట్ దాదాపు 5, ముగ్గురాయి 4.5, ఈ తేడాతో సన్నటి గింజల్ని ఊగే టేబుల్ మీద విడదీయడం కష్టం. ఫ్లోరైట్ 3.2 దగ్గర, కాల్సైట్ 2.7, అక్కడ కాస్త ఆశ ఉంది. జిర్కాన్, మోనజైట్ అయితే బరువులో దగ్గర దగ్గరగా ఉంటాయి, రెండూ కరెంటుని పోనివ్వవు, కానీ మోనజైట్‌ని బలమైన అయస్కాంతం లాగుతుంది, జిర్కాన్‌ని లాగదు, అదే దారి.

ఇక కొనేవాడు. కొనేవాడికి నీ రికవరీతో పనిలేదు, స్పెసిఫికేషన్‌తో పని. ఆయిల్ డ్రిల్లింగ్‌కి వాడే ముగ్గురాయి సాంద్రత 4.2 ఉండాలన్నది పాత లెక్క, ఇప్పుడు 4.1 గ్రేడ్ కూడా ఉంది. నీటిలో కరిగే కాల్షియం లాంటివి కిలోకి 250 మిల్లీగ్రాములు దాటకూడదు. పాదరసం, కాడ్మియం కూడా అడుగుతారు. ఫ్లోరైట్ యాసిడ్ గ్రేడ్‌కి పోవాలంటే కాల్షియం ఫ్లోరైడ్ 97 శాతం ఉండాలి, 92 దగ్గర ఆగిపోతే అది వేరే సరుకు, వేరే ధర, వేరే కొనుగోలుదారు. రెండూ టన్నుకి చౌక సరుకులే, గని లోతట్టున ఉంటే రవాణాకే సగం పోతుంది, కాబట్టి రేవులో ధర కాదు, గని గేటు దగ్గర ఎంత మిగులుతుందో చూడు. ఎవరో ఆసక్తి చూపించారని లెటర్ తెస్తే దాని మీద లెక్క వేయకు. శాంపిల్ బస్తా పంపించు, వాళ్ల ల్యాబ్‌లో పాసైందా లేదా అడుగు.

రేడియేషన్ గురించి మీవాళ్లు ఒక్క ముక్కా రాయలేదు. మోనజైట్‌లో థోరియం ఆక్సైడ్ 4 నుంచి 12 శాతం ఉండటం మామూలే. 6 అనుకో. అలాంటి మోనజైట్ నీ ముగ్గురాయి కాన్సంట్రేట్‌లో (వేరుచేసిన సరుకులో) అర శాతం కలిసిపోయినా థోరియం 260 పీపీఎం (పది లక్షల భాగాల్లో 260) దాటుతుంది. గ్రాముకి 1 బెకరెల్ (రేడియోధార్మికత కొలత) అన్నది చాలా దేశాల నిబంధనలకు ఆధారంగా ఉన్న హద్దు, థోరియంలో అది 246 పీపీఎంతో సమానం, యురేనియంలో అయితే 81 పీపీఎం మాత్రమే. అంటే అర శాతం మోనజైట్‌తో నీ సరుకు నిబంధనల గీత దాటేసింది, ఇక దాన్ని సాధారణ ముగ్గురాయిగా అమ్మలేవు. నిబంధనలు మధ్యలో మారొచ్చు కూడా. గ్రీన్లాండ్‌లో క్వానెఫ్యెల్డ్ నిక్షేపంలో రేర్ ఎర్త్‌లతో పాటు యురేనియం, జింక్ కూడా ఉన్నాయి. 2021లో అక్కడి పార్లమెంటు 100 పీపీఎం మించి యురేనియం ఉన్న చోట అన్వేషణ, తవ్వకం ఆపేలా చట్టం చేసింది. ఒకప్పుడు అదనపు ఆదాయంగా రాసుకున్నదే ప్రాజెక్టు మెడకి చుట్టుకుంది. అందుకే థోరియాన్ని నీ షీటులో ఆదాయం వైపు నుంచి ఖర్చు వైపుకి జరుపు, దాన్ని ఎక్కడ, ఎలా దాచిపెడతారో రాయి.

స్కాండియం చూసి మీ మేనేజరు మురిసిపోతున్నాడని రాశావు. ప్రపంచం మొత్తం ఏడాదికి వాడేది కొన్ని పదుల టన్నులు. మీ ప్రాజెక్టు ఒక్కటే ఏడాదికి 40 టన్నులు తీస్తానంటోంది! నువ్వు మార్కెట్‌లోకి అడుగుపెట్టగానే ఇవాళ్టి ధర ఉండదు. నియోబియంలోనూ ప్రపంచ సరఫరాలో అత్యధిక భాగం బ్రెజిల్‌దే, వాళ్లతో ధరలో పోటీ పడాలి. మాటల్లో మాట, నన్నడిగితే లాంథనం, సీరియం కూడా కొసరే. బాస్ట్నసైట్‌లోని రేర్ ఎర్త్‌లలో అవి రెండే 80 శాతం దాకా ఉంటాయి, గనిని నడిపేది మాత్రం మాగ్నెట్‌లకి పోయే నియోడిమియం, ప్రసియోడిమియం. మొత్తం రేర్ ఎర్త్ గ్రేడ్ అని పెద్ద అక్షరాలతో రాసేటప్పుడు ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఇంతా చెప్పి కొసరు వద్దని అనటం లేదు. కొన్నిసార్లు దాని లాభం అమ్మకంలో కాదు, ఆదాలో ఉంటుంది. కాల్సైట్, అపటైట్ కాన్సంట్రేట్‌తో వెళితే యాసిడ్‌ని తాగేస్తాయి. ఫ్లోరైట్ వెళితే సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో వేడి చేసినప్పుడు హైడ్రోజన్ ఫ్లోరైడ్ వాయువు పుడుతుంది, దాన్ని పట్టి శుద్ధి చేయడానికి వేరే ప్లాంటు కావాలి. వీటిని ముందే తీసేస్తే ఒక్క టన్ను అమ్మకపోయినా కింద ఖర్చు తగ్గుతుంది. నీ షీటులో ఈ లెక్కకి ఒక కాలమ్ కూడా లేదు, పెట్టు. అమ్మకానికి అయ్యే అదనపు ఖర్చు మాత్రం కొసరు మీదే వెయ్యి, అసలు ప్లాంటు ఖర్చుతో కలిపి దాచకు.

ఇవాళ అమ్ముడుపోనిదాన్ని పారేసే పద్ధతి మీద కూడా ఓ మాట రాయి. అన్నిటినీ కలిపి ఒకే టెయిలింగ్స్ చెరువులో పోస్తే మళ్లీ విడదీయడం ఎవరివల్లా కాదు. ఆస్ట్రేలియాలో ఎనేబా దగ్గర జిర్కాన్ తీశాక మిగిలిన మోనజైట్ ఉన్న సరుకుని 1990ల నుంచి విడిగా గోతిలో నిల్వ పెట్టుకుంటూ వచ్చారు, అదే ఇప్పుడు అక్కడ కడుతున్న రేర్ ఎర్త్ రిఫైనరీకి ముడిసరుకు. మీ దగ్గర ముగ్గురాయి ఎక్కువున్న టెయిలింగ్స్‌ని విడిగా పోయడానికి ఎంత అదనం అవుతుందో ఇంజనీర్‌ని అడుగు. ఎక్కువ కాకపోవచ్చు.

రిపోర్టులో అన్నిటినీ కలిపి ఒకే సమాన గ్రేడుగా చూపించమంటే ఒప్పుకోకు. ఖనిజ నిల్వల రిపోర్టులకు ఆస్ట్రేలియా నియమావళి అయిన జోర్క్ కోడ్ 2012 ప్రకారం అలా చూపించాలంటే ఒక్కో దాని గ్రేడ్, వాడిన ధర, రికవరీ, ఫార్ములా అన్నీ రాయాలి, పైగా ప్రతిదాన్నీ తీసి అమ్మగలమన్న సహేతుకమైన అవకాశం ఉందని కంపెనీ చెప్పాలి. నీ దగ్గర టెస్టే జరగని స్కాండియం విషయంలో ఆ వాక్యం కింద సంతకం పెడతావా?

ముందు ఫ్లోరిన్ లెక్క సరిచేసి, పై పొర, కింది రాయి విడివిడిగా వేసి నాకు పంపు. పైలట్ టెయిలింగ్స్ ఇంకా డ్రమ్ముల్లో ఉన్నాయో, ఎవరైనా పారబోశారో రేపు పొద్దున్నే కనుక్కో, అవి పోతే మళ్లీ రావు.

నీ పెదనాన్న