అలాస్కా క్రూజ్‌లో బాల్కనీ గదికి అదనంగా డబ్బు పెట్టొచ్చా?

సియాటిల్ నుంచి ఏడు రాత్రుల అలాస్కా క్రూజ్‌కి కిటికీ లేని లోపలి గది బుక్ చేశారు, ఇప్పుడు బాల్కనీ గదికి మారమని కంపెనీ ఆఫర్ పంపింది. మారాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

అలాస్కా కాబట్టి నేను మారమనే అంటాను. కాకపోతే ముందు లెక్క చూసుకోండి. ఆఫర్‌లో కనిపించే ధర సాధారణంగా తలకి. తలకి 350 డాలర్లంటే ఇద్దరికి 700, అంటే రాత్రికి 100. ఆ వందకి మీరు గదిలో మెలకువగా ఉండే గంటలెన్నో చూడాలి.

అలాస్కాలో ఆ గంటలు ఎక్కువే. జూన్‌లో అలాస్కా రాజధాని జూనో దగ్గర దాదాపు రాత్రి పది దాకా పొద్దు గుంకదు. తిమింగలం నీళ్లు చిమ్ముతుంటే చూడ్డానికి స్వెట్టర్ వేసుకుని తలుపు తీస్తే చాలు. అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే మరీ మంచిది, చలిగాలిలో పై డెక్ మీద నిలబడే బాధ తప్పుతుంది. అదే కరీబియన్ అయితే పగలంతా ఒడ్డునో పూల్ దగ్గరో గడిచిపోతుంది, అక్కడ లోపలి గది చాలు.

మీ ఓడ హిమానీనదాలుండే గ్లేసియర్ బేకి వెళ్తుంటే ఏ వైపు గది వస్తుందోనని బెంగ వద్దు. అక్కడి మార్జరీ గ్లేసియర్ (హిమానీనదం) ముందు ఓడని మెల్లగా తిప్పుతారు, రెండు వైపులవాళ్లకీ కనిపిస్తుంది.

మీరే ఒక ధర చెప్పి, కంపెనీ ఒప్పుకుంటే గది మారే వేలం పద్ధతి అప్‌గ్రేడ్‌తో మాత్రం జాగ్రత్త. గది ఎక్కడిస్తారో మీ చేతిలో ఉండదు. ఓడ నడిమధ్య, కింది డెక్కుల్లో కుదుపు తక్కువ. మీలో ఎవరికైనా కడుపులో తిప్పే అలవాటుంటే, ఓడ ముందు కొసన వచ్చే బాల్కనీ కంటే మధ్యలో ఉన్న పాత గదే నయం.