వంటింటి సందేహాలు: బెంతో డబ్బాలో చేపలు, రొయ్యలు

ప్రశ్న: నమస్కారమండీ. మేము టోక్యోలోని నిషికసాయ్‌లో ఉంటున్నాము. మా అబ్బాయికి నాలుగేళ్లు. ఏప్రిల్ నుంచి ఇక్కడి యోచియెన్‌కు, అంటే పసిపిల్లల బడికి వెళుతున్నాడు. వారంలో మూడు రోజులు ఇంటి నుంచి బెంతో, అంటే జపాన్ పద్ధతిలో సర్దిన భోజనపు డబ్బా పంపాలి. చేపలన్నా, రొయ్యలన్నా వాడికి ప్రాణం. సోనా మసూరి అన్నం, రొయ్యల వేపుడు పెట్టి పంపితే డబ్బా సగం అలాగే తిరిగి వచ్చింది. అన్నం గట్టిపడిపోయింది, నూనె డబ్బా అంతా కారింది. ఉదయం నాకు దొరికేది అరగంట మాత్రమే. తోటి పిల్లలు తెచ్చుకునేలాంటి డబ్బా త్వరగా సర్దడం ఎలాగో చెప్పగలరా?

జవాబు: అమ్మా, మీ వంటలో లోపమేమీ లేదు. మన క్యారేజీ వేడిగా తినడానికి పుట్టినది. అన్నానికి ఒక గిన్నె, కూరకు ఒక గిన్నె, పెరుగుకు మరొకటి, ఏ గిన్నె తడి ఆ గిన్నెలోనే ఉంటుంది. బెంతోలో అన్నీ ఒకే డబ్బాలో ఒకదానికొకటి ఆనుకుని కూర్చుని, నాలుగు గంటల తర్వాత చల్లగా నోటికి చేరతాయి. అందుచేత డబ్బాలోకి వెళ్లే ప్రతి పదార్థం గురించీ చల్లారాక ఎలా ఉంటుంది, పక్కదాన్ని తడుపుతుందా అని రెండు సంగతులు ముందే ఆలోచించుకోవాలి. మీ వేపుడు రెండో పరీక్షలో తప్పింది, సోనా మసూరి మొదటి దాంట్లోనే తప్పింది.

ముందు అన్నం సంగతి చూద్దాం. మన సన్నబియ్యంలో ఎమిలోజ్ అనే పిండిపదార్థం పాలు ఎక్కువ. వేడిగా ఉన్నప్పుడు మెతుకు మెతుకుకు అంటకుండా పొడిపొడిగా ఉండడానికి కారణమైన ఆ గుణమే చల్లారాక గింజను బిరుసెక్కిస్తుంది. జపాన్ పొట్టిబియ్యంలో అది తక్కువ కాబట్టి చల్లారినా మెత్తగానే ఉంటుంది. ఇంట్లో మీకు సోనా మసూరే కావాలంటే నిక్షేపంగా వండుకోండి, డబ్బాకు మాత్రం అక్కడి బియ్యమే వాడండి. ఒక గో, అంటే 180 మిల్లీలీటర్ల కొలత బియ్యం సుమారు 330 గ్రాముల అన్నమవుతుంది, మీ అబ్బాయికి అందులో మూడో వంతు చాలు. ఆ వయసు పిల్లలకు అక్కడ అమ్మే డబ్బాలు 270 నుంచి 360 మిల్లీలీటర్ల వరకు ఉంటాయి. పెద్దవాళ్ల డబ్బా కొని సగం ఖాళీగా పంపితే దారిలో అంతా కలిసిపోయి, వాడు మూత తీసేసరికి పులిహోరలా కనిపిస్తుంది. డబ్బాను ఆరు వంతులనుకుంటే అన్నం మూడు, చేపో గుడ్డో ఒకటి, కూరగాయలు రెండు వంతులుగా సర్దడం అక్కడ చాలామంది పాటించే లెక్క.

ఇక రొయ్యలు. మీ వీధి చివర సూపర్‌మార్కెట్‌లో గడ్డకట్టిన రొయ్యల పొట్లం మీద ‘ఇందో సాన్’ అని రాసి ఉండడం చూసే ఉంటారు. భారతదేశంలో పండినది అని దాని అర్థం. మనుషుల పేర్ల చివర ‘గారు’ లాగా చేర్చే ‘సాన్’ వేరు, ఇది వేరు. నేను యోకోహామాకు వెళ్లిన కొత్తలో ఆ తేడా తెలియక, మన దేశాన్ని ఇంత మర్యాదగా పిలుస్తున్నారేమిటా అనుకుని మురిసిపోయాను. దేశంలో రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం కాబట్టి ఆ పొట్లంలోవి భీమవరం వైపు చెరువుల నుంచి వచ్చినవే అయినా ఆశ్చర్యం లేదు.

రొయ్యలను రాత్రే ఫ్రిజ్‌లోకి మార్చి కరగనివ్వండి. పొట్టు తీసి, రెండో కణుపు దగ్గర పుల్ల గుచ్చి మెల్లగా పైకి లాగితే వీపు మీది నల్ల నరం తెగకుండా వస్తుంది. తర్వాత చేసే పనిని జపాన్ ఇల్లాళ్లు ఎంత తొందరలోనూ మానరు. 100 గ్రాముల రొయ్యలకు ఒక చెంచా కతకురికో, అంటే బంగాళాదుంప పిండి, చిటికెడు ఉప్పు, రెండు మూడు చెంచాల నీళ్లు వేసి చేత్తో పిసకాలి. అర నిమిషంలో ఆ పిండి బూడిదరంగుకు తిరుగుతుంది. నీచు వాసన ఉండేది ఆ మురికిలోనే. రెండుసార్లు కడిగి, కాగితపు తువ్వాలుతో నీటిబొట్టు లేకుండా అద్దండి. మనం ఉప్పు, పసుపు వేసి కడిగే పద్ధతికి ఇది తోబుట్టువు, కాకపోతే రొయ్య మరింత తెల్లగా, పటుత్వంగా ఉంటుంది.

పొద్దున్న ఆ రొయ్యలకు మళ్లీ పలచగా అదే పిండి అద్ది, చెంచాడు నూనె వేసిన పెనం మీద రెండు వైపులా నిమిషంన్నర చొప్పున కాల్చండి. సోయా సాస్, మిరిన్ అనే తియ్యని బియ్యపు మద్యం, వంటకు వాడే సాకె అనే బియ్యపు మద్యం ఒక్కొక్కటి రెండు చెంచాలు, అర చెంచా పంచదార కలిపి పోస్తే బుడగలు వస్తూ చిక్కబడుతుంది. పెనం ఒంచితే రసం పారకుండా రొయ్యలకే అంటుకుని నిగనిగలాడే దశలో దించాలి. పైన అద్దిన పిండి రసాన్ని తనలోనే పట్టి ఉంచుతుంది కాబట్టి డబ్బాలో ఒక్క చుక్క కారదు. మీ వేపుడులో నూనె చేయలేని పని ఇదే.

చేప రోజున సాల్మన్ అన్నిటికన్నా సులువు. ఉప్పు పట్టించి అమ్మే ముక్కల మీద అమాకుచి, చూకరా, కరాకుచి అని ఉంటుంది. తక్కువ ఉప్పు, మధ్యస్థం, ఎక్కువ ఉప్పు అని అర్థం. నాలుగేళ్లవాడికి ఆ మూడూ వద్దు, ఉప్పు వేయని పచ్చి ముక్క తెచ్చి రెండు వేళ్ల చిటికెడు ఉప్పు మీరే చల్లండి. పది నిమిషాల్లో పైకి చెమటలా నీరు ఊరుతుంది, దానిని తుడిచేస్తే వాసన కూడా దానితోనే పోతుంది. మీ గ్యాస్ పొయ్యి మధ్యలో సొరుగులా ఉండే చేపల గ్రిల్‌లో ఏడెనిమిది నిమిషాలు కాలిస్తే చాలు. తోలు తీసి, వేలితో తడిమి ముళ్లు ఏరి, రేకులుగా విడదీసి అన్నం మీద పరచండి. ముల్లు భయం తీరుతుంది, పసివాడికి చెంచాతో తినడమూ తేలికవుతుంది.

గుడ్డు చుట్ట, అంటే తమగోయాకి, చేసేటప్పుడు దాషి నీళ్లు, అంటే ఎండుచేప, సముద్రపు నాచు వంటివాటితో కాచిన రసం, కలపకండి. ఇంట్లో వేడిగా తినడానికి అది బాగుంటుంది గాని చల్లారేకొద్దీ నీరు వదులుతుంది. గుడ్డుకు ఒక చెంచా పంచదార, ఇష్టమైతే ఒక పెద్ద చెంచా షిరాసు, అంటే నెత్తళ్ల జాతి పసిచేపలను ఉడకబెట్టి అమ్మేవి, కలిపి పూర్తిగా ఉడికేలా కాల్చండి. పాలకూరను ఉడికించి పిండాక నాలుగు చుక్కల సోయా సాస్ వేసి మళ్లీ పిండి, చివర్లో కత్సుఓబుషి రేకులు కలపండి. ఎండబెట్టిన చేప గనుక మిగిలిన తడిని అదే పీల్చుకుంటుంది. చెర్రీ టమాటాలు ఎంత ముద్దుగా ఉన్నా ఈ వయసుకు గుండ్రంగా పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. కోసి పెడితే నీరు కారుతుంది. కాబట్టి ఉడికించిన క్యారెట్టో, బ్రోకలీయో మేలు.

మీ అరగంటలో మొదటి పని అన్నాన్ని డబ్బాలో సర్ది పక్కన పెట్టడం, ఎందుకంటే చల్లారడానికి ఎక్కువ సేపు పట్టేది దానికే. చేప గ్రిల్‌లోకి వెళ్లాక గుడ్డు, గుడ్డు దిగిన పెనం మీదే రొయ్యలు. అన్నిటినీ పళ్లెంలో పరిచి ఫ్యాను గాలికి ఉంచండి, మరీ తొందరైతే స్టీలు పళ్లెం కింద ఐసు ప్యాకు పెట్టండి. ఒకసారి రైలు వేళ మించిపోతోందని నేను వేడివేడిగా మూత బిగించాను. మధ్యాహ్నం తీస్తే మూత లోపల చెమట బిందువులు వరుసకట్టి ఉన్నాయి, నోరి, అంటే కాగితంలా ఎండబెట్టిన సముద్రపు నాచు, జిగురులా అన్నానికి అంటుకుపోయింది, గుడ్డు వాసన మారింది. ఆకలితోనే ఇల్లు చేరాను. వేడి, తడి రెండూ ఉన్న మూత కింద సూక్ష్మజీవులు చకచకా పెరుగుతాయి. జూన్ వానల నుంచి సెప్టెంబరు దాకా డబ్బా మీద ఐసు ప్యాకు తప్పనిసరి. అన్నట్టు, రొయ్య వల్ల ఎలర్జీ వచ్చే పిల్లలు ఉంటారు, బడిలో పిల్లలు డబ్బాలు పంచుకోనిస్తారో లేదో టీచరుగారిని ఒక మాట అడగండి.

నిద్ర లేవడం ఆలస్యమైన రోజున నోరిబెన్ ఆదుకుంటుంది. అన్నం మీద సోయా కలిపిన కత్సుఓబుషి చల్లి, పైన నోరి ముక్కలు పరిచి, చికువాను చీల్చి నూనెలో వేయించి పెట్టడమే. చికువా ముందే ఉడికిన చేపముద్ద గనుక పది నిమిషాలు చాలు. నోరిని మాత్రం చిన్న చిన్న ముక్కలుగా చింపండి, లేకపోతే పిల్లవాడు ఒక్క కొరుకుకు మొత్తం దుప్పటిలా లాగేస్తాడు.

ప్రశ్న: మాది కాకినాడ. ఇలాంటి డబ్బా చేయాలని ఉంది గాని మిరిన్, సాల్మన్ ఇక్కడ ఎక్కడ వెతకాలి?

జవాబు: వెతకనక్కర్లేదండీ. జపాన్‌లో వసంతకాలపు చేపగా పేరున్న సావారా, మన వంజరం ఒకే ప్రజాతికి చెందిన దగ్గరి చుట్టాలు. వంజరం ముక్కకు ఉప్పు చల్లి, తుడిచి, పైన రొయ్యలకు చెప్పిన రసంతోనే పెనం మీద కాల్చండి. ఒక పెద్ద చెంచా మిరిన్‌కు బదులు ఒక చిన్న చెంచా పంచదార, కాసిని నీళ్లు సరిపోతాయి. సోనా మసూరికి మామూలుకన్నా కాస్త ఎసరు ఎక్కువ పెట్టి, మూడు నాలుగు గంటల్లో తినేయండి. వంజరం, కానాగంత, సూర వంటి చేపలు తీరం నుంచి ఇంటికి వచ్చేలోగా ఎండలో ఉంటే వాటిలో హిస్టమిన్ పుడుతుంది. ఎంత వేయించినా అది పోదు, తింటే ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. కాబట్టి ఐసులో పెట్టి అమ్మే దగ్గరే కొనండి. మే నెల ఎండల్లో ఐసు ప్యాకు లేకుండా ఈ డబ్బా జోలికి వెళ్లకండి.

ప్రశ్న: హైదరాబాదులో పచ్చి సాల్మన్‌తో సుషీ తిన్నాను. దాన్నే ఆఫీసు డబ్బాలో పట్టుకెళ్లవచ్చా?

జవాబు: వద్దండి. జపాన్‌లోనే ఇంటి బెంతోలో పచ్చి చేప పెట్టరు. ప్రయాణానికి పనికొచ్చే సుషీలు లేకపోలేదు. తొయామాలో ఉప్పు, వెనిగర్ పట్టించిన ట్రౌట్‌ను అన్నం మీద పరిచి వెదురు ఆకుల్లో చుట్టి అదిమే మసుజుషి, నారా వైపు ఉప్పు చేపను నారింజ రంగు పండ్లు కాసే పెర్సిమన్ చెట్టు ఆకులో చుట్టే కాకినోహజుషి అలాంటివి. అవి నిలవ ఉంచడం కోసమే పుట్టిన వంటలు, వాటికి ఉప్పు, పులుపు, ఒత్తిడి కావాలి. మీకు సాల్మనే కావాలంటే పూర్తిగా కాల్చి, చల్లార్చి, రేకులు చేసి, వెనిగర్ కలిపిన అన్నం మీద నువ్వులతో చల్లుకుని పట్టుకెళ్లండి.