కోతి పళ్లికిలిస్తే వెక్కిరించినట్టు కాదు

ప్రశ్న: నాలుగెకరాల్లో మొక్కజొన్న వేశాను, గింజ పాలు పోసుకునే దశలో ఉంది. కోతుల గుంపు దిగి కంకులు విరిచేస్తోంది. డీలర్ చెబితే పెద్ద పెద్ద కళ్లున్న రాక్షసుడి మాస్కులు ఆరు కొని కర్రలకు కట్టాను. మూడు రోజులు రాలేదు, నాలుగో రోజు వాటి మీదే ఎక్కి కూర్చున్నాయి. దగ్గరికి వెళ్తే నన్ను చూసి పళ్లికిలించి వెక్కిరిస్తున్నాయి. మా ఆవిడ వెళ్తే ఇంకా దగ్గరికొస్తాయి, మా తమ్ముడిని చూస్తే మాత్రం పరుగే. కోతులు మనిషి మొహం గుర్తుపడతాయా? ఇంకా పెద్ద మాస్కులు కొనమంటారా? మొన్న మా అబ్బాయి చేతిని ఒక కోతి గీరింది, ఆయింట్‌మెంట్ రాశాం, మానిపోతోంది.

జవాబు: మీరు చివర్లో రాసిన ముక్కకే ముందు జవాబు. పైన చర్మం మానినంత మాత్రాన రేబిస్ ప్రమాదం పోయినట్టు కాదు, ఆ జబ్బు బయటపడ్డాక మందు లేదు. ఇది చదవగానే సబ్బు, పారే నీళ్లతో ఆ చోటును 15 నిమిషాలు కడిగి, ఈరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మొదటి టీకా వేసిన రోజును 0గా లెక్కపెట్టి 3, 7 రోజుల డోసులు తప్పకుండా వేయించాలి, ఆ తర్వాతి డోసులు డాక్టరు కార్డు మీద రాసిన తేదీకి. గీరినప్పుడు రక్తం వచ్చి ఉంటే టీకా ఒక్కటే చాలదు, గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే, సిద్ధంగా ఉన్న యాంటీబాడీల మందు) కూడా ఎక్కించాలి. అది మొదటి టీకా వేసిన 7 రోజుల లోపే ఇస్తారు. ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి కూడా అడగండి. మొన్న జరిగిందని ఆగిపోవద్దు, ఆలస్యమైనా వేయించాల్సిందే.

ఇక మీ కోతులు. అవి వెక్కిరించడం లేదండీ. ఎర్రమూతి కోతి పెదవులు వెనక్కి లాగి, చప్పుడు చేయకుండా పళ్లు బయటపెట్టిందంటే చాలావరకు ‘నీ జోలికి రాను, నన్నేమీ అనకు’ అని లొంగుబాటు చూపించడం. గుంపులో చిన్న కోతి పెద్దదానికి ఇలాగే చేస్తుంది. మీరు భయపడాల్సిన మొహం వేరే ఉంది: నోరు గుండ్రంగా తెరిచి, పళ్లు పెద్దగా కనపడకుండా, కళ్లార్పకుండా మీ కళ్లలోకే చూస్తుంది, అది బెదిరింపు. పెదవులు టపటపా, సెకనుకు ఐదారు సార్లు ఆడించిందంటే స్నేహం. జనం దీన్ని తిరగేసి చదువుతారు. మొరాకోలో ఉండే బార్బరీ కోతుల ఫోటోలు చూపించి చేసిన పరిశోధన ఒకటి 2017లో వచ్చింది, కోతులతో అలవాటు లేనివాళ్లు కోపంగా ఉన్న మొహాన్ని కూడా మామూలుగానో స్నేహంగానో ఉందనుకున్నారు. కాట్లు ఇలాగే పడతాయి. మీ అబ్బాయికి చెప్పండి, దగ్గరగా ఉన్న కోతి కళ్లలోకి చూడొద్దు, పళ్లు కనపడేలా నవ్వొద్దు, పక్కకు చూస్తూ మెల్లగా వెనక్కి నడవాలి.

మొహం గుర్తుపడతాయా అంటే, బ్రహ్మాండంగా. కోతి మెదడులో మొహాల కోసమే పనిచేసే చిన్న చిన్న ప్రాంతాలున్నాయి. మెదడు శాస్త్రవేత్తలు డోరిస్ త్సావో, విన్‌రిచ్ ఫ్రైవాల్డ్ బృందం 2006లో అలాంటి ఒక ప్రాంతంలో చూస్తే, బొమ్మలకు స్పందించిన కణాల్లో 97 శాతం మొహాలకే స్పందించాయి. 2017లో త్సావో, మరో శాస్త్రవేత్త కలిసి సుమారు 200 కణాల స్పందన మాత్రమే చూసి, కోతి చూసిన మనిషి మొహాన్ని దాదాపు అచ్చంగా మళ్లీ గీయగలిగారు. మీకు ఇంకా పనికొచ్చేది జపాన్‌లో సుగిత అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగం, 2008లో వచ్చింది. పుట్టినప్పటి నుంచి కోతిపిల్లలకు ఏ మొహమూ చూపించకుండా, పెంచేవాళ్లు ముసుగులు వేసుకుని, 6 నుంచి 24 నెలలు పెంచారు. తర్వాత కొన్నింటికి నెల రోజులు మనుషుల మొహాలే చూపిస్తే, అవి మనుషుల్లో తేడాలు పట్టడంలో ఆరితేరాయి, తోటి కోతుల మొహాల్లో తేడా పట్టలేకపోయాయి. పొద్దస్తమానం మనుషుల మధ్య తిరిగే గుంపుకు మన మొహాలు ఎంత అలవాటై ఉంటాయో మీరే ఆలోచించండి.

అయితే అంత దూరం నుంచి మీ తమ్ముడిని మొహం చూసే గుర్తుపట్టాయని ఖాయంగా చెప్పను. నడక, చొక్కా, గొంతు కూడా చూస్తాయి. తేల్చుకోవాలంటే రెండు రోజులు ఆయన చొక్కా మీరు వేసుకుని వెళ్లి చూడండి. అప్పుడు పారిపోతే అవి చొక్కాకు భయపడుతున్నట్టు. మీ ఆవిడ విషయంలో నా అనుమానం వేరు. ఇంట్లో మిగిలిన తిండి గట్టు మీద ఎవరైనా పెడుతున్నారేమో ముందు కనుక్కోండి, నూటికి తొంభై సార్లు నాకు అక్కడే దొరుకుతుంది. పెట్టడం ఆపకుండా ఏం కట్టినా దండగ.

మాస్కు మూడు రోజులు ఎందుకు పనిచేసిందంటే, కొత్త వస్తువు కాబట్టి. కళ్లు కదలవు, రెప్ప పడదు, చూపు తిరగదు, ఇక కోతికి అది మొహమే కాదు, కర్రకు కట్టిన ప్లాస్టిక్. పెద్దది కడితే ఇంకో మూడు రోజులు. ఎవరి చూపు ఎటుందో అవి కనిపెట్టే తీరు చెబితే నమ్మరు: ప్యూర్టోరికో దగ్గర కాయో శాంటియాగో అనే దీవిలో స్వేచ్ఛగా తిరిగే ఎర్రమూతి కోతుల ముందు ఇద్దరు మనుషులు ద్రాక్షపండుతో నిలబడితే, తమ వైపు చూడని మనిషి దగ్గరే ఎత్తుకెళ్లాయి. ఒళ్లు కోతి వైపే ఉండి కళ్లు మాత్రం పక్కకు తిప్పుకున్నా సరే పట్టేశాయి. అంటే గట్టు మీద ఫోన్ చూసుకుంటూ కూర్చున్న కావలి, కావలి కాదు.

కంకికి పీచు వచ్చిన 18వ రోజు నుంచి 28వ రోజు దాకా మీకు గండం. ఆ రోజులన్నీ తెల్లవారగానే మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు ఇద్దరు కావలి ఉండాలి, ఎదురెదురు మూలల్లో, గుంపు వైపే చూస్తూ, రోజూ చోటు మారుస్తూ. గుంపు పొలంలో దిగాక కాదు, గట్టు దాటకముందే లేచి ఎదురెళ్లాలి, అది కూడా దూరం నుంచే. మూలకు తోలొద్దు, పారిపోయే దారి వదలండి.

మీ డీలర్ రేపు కంకుల మీద ఘాటు వాసన పురుగుమందు కొట్టమంటాడు, లేదా పళ్లలో గుళికలు పెట్టమంటాడు. రెండూ వద్దు. పాలు పోసుకునే కంకి మీద కొట్టిన మందు తినేవాళ్ల కడుపులోకే పోతుంది, విషం పెట్టడం నేరం, పైగా ముందు చచ్చేది మీ కుక్కే. మాస్కులు అమ్మినవాడు కోతి గీరితే టీకా వేయించమని చెప్పాడా? చెప్పడు, అది ఆయన దగ్గర దొరకదు కదా.

కుక్క అన్నాను కాబట్టి, కోతుల మీదికి వదిలే కుక్క ఉంటే దానికి మూడు నెలల వయసు దాటగానే రేబిస్ టీకా, ఏడాదికి మళ్లీ ఒకటి, ఆ తర్వాత పశువైద్యుడు చెప్పిన గడువుకు. ఇంతకీ అబ్బాయిని ఎప్పుడు తీసుకెళ్తున్నారు?