ప్రష్యన్ 1వ గార్డ్స్ డివిజన్ నిజంగా అంత గొప్పదా, లేక పరేడ్ సైన్యమా?

రెండూనండీ. ప్రష్యా అనే పాత జర్మన్ రాజ్యంలో రాజుగారి గార్డు సైన్యంగా 1818లో పుట్టిన డివిజన్ అది, 1919 దాకా ఉంది. అందులోని 1వ ఫుట్ గార్డ్స్ రెజిమెంట్‌కి పొడుగువాళ్లని ఏరి తీసుకునేవాళ్లు, పరేడ్లో పాతకాలపు రేకు టోపీలు పెట్టి నిలబెట్టేవాళ్లు. అది చూసి జనం బొమ్మల సైన్యం అనుకుంటారు. కానీ 1866లో ఆస్ట్రియాతో జరిగిన కోనిగ్రాట్స్ యుద్ధంలో శత్రుసైన్యం మధ్యలో ఉన్న ఖ్లూమ్ ఊరిని పట్టుకున్నది వీళ్లే, అక్కడే వాళ్ల కమాండర్ హిల్లర్ చనిపోయాడు.

అసలు సంగతి 1870లో ఫ్రాన్స్‌తో జరిగిన యుద్ధానిది. జర్మనీలో ఎంఎస్ చేసే రోజుల్లో ఒక ఆగస్టు శనివారం ఫ్రాన్స్‌లో మెట్స్ దగ్గరున్న సేంట్ ప్రివా ఊరికి ఫ్రెండ్ కారులో వెళ్లాను. వాడు ఏసీ వేసుకుని కారులోనే పడుకున్నాడు. నేను కింద సేంట్ మరీ ఊరి నుంచి నడిచాను. పెద్ద ఎత్తేమీ కాదు, పొద్దున వాకింగ్‌కి వెళ్లేంత వాలు. గోధుమ కోసేశారు, కొయ్యకాళ్లు చీలమండలకి గుచ్చుకుంటున్నాయి. ఒకచోట బోర్లా పడుకుని చూశాను, దాక్కోవడానికి గట్టు కూడా లేదు.

1870 ఆగస్టు 18 సాయంత్రం గార్డ్స్ రెండు డివిజన్ల దళాలూ ఆ వాలెక్కాయి. వాళ్ల డ్రైసె తుపాకీ 600 మీటర్లు దాటితే దండగ, పైనున్న ఫ్రెంచ్ వాళ్ల షాస్‌పో తుపాకీ 1,200 మీటర్ల నుంచే కొడుతుంది. వీళ్ల పక్షానే ఉన్న శాక్సన్ సైన్యం ఉత్తరం వైపు నుంచి చుట్టి రావాలి, ఇంకా రాలేదు, ఆ మాటే 1వ డివిజన్ కమాండర్ ఫాన్ పాపె చెప్పినా గార్డ్స్ మొత్తానికి పై కమాండరైన ప్రిన్స్ ఆగస్ట్ వినలేదు. గార్డ్స్‌లో చచ్చినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి దాదాపు 8,000 మంది. ఊరు దక్కింది, కానీ శాక్సన్లు వచ్చి ఫిరంగులు దంచాకే! నన్నడిగితే అది మొండితనం, అయినా మిగిలినవాళ్లు వెనక్కి పరిగెత్తకుండా ఆ చేలోనే పడుకుని కాచుకున్నారు చూడండి, ఎలైట్ అన్న పేరు అక్కడ వచ్చింది. తర్వాత జర్మనీ అధ్యక్షుడైన హిండెన్‌బర్గ్ కూడా ఆ రోజు 3వ ఫుట్ గార్డ్స్‌లో ఉన్న కుర్ర ఆఫీసరే.

చెమటలు కక్కుతూ కారు దగ్గరికొస్తే మావాడు కళ్లు నులుముకుంటూ, "ఏముందిరా అక్కడ?" అన్నాడు.

"ఏమీ లేదురా. ఒక్క చెట్టు కూడా లేదు."