గోడ ఎప్పుడు లేచిందో కూడా రాయండి

నల్లగొండ

చి. సుజాతకు,
మామయ్య ఆశీస్సులు.

బడి పిల్లలతో ఉష్ణోగ్రతలు రాయించే పని నెత్తిన వేసుకున్నావని చదివి సంబరపడ్డాను. థర్మామీటరు ఎక్కడ పెట్టాలని అడిగావు. “ఆ రికార్డులన్నీ పట్టణాల సిమెంటు వేడే, లోకం వేడెక్కడం ఉత్తమాట” అని మీ ఉపాధ్యాయుల గదిలో ఒకాయన కొట్టిపారేశాడని కూడా రాశావు. ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడినవే. ముందు థర్మామీటరు సంగతి చెబుతాను.

నువ్వు అనుకున్నట్టు హెడ్‌మాస్టరు గది గోడకు మేకు కొట్టి తగిలించకు. అప్పుడు అది గాలి వేడిని వదిలేసి గోడ వేడిని చూపిస్తుంది. వడ్రంగితో ఒక చెక్కపెట్టె చేయించు. నాలుగు వైపులా కిటికీ రెక్కల్లాంటి వాలు పలకలు రెండు వరుసలుగా ఉండాలి, లోపలా బయటా తెల్లరంగు వేయాలి. స్టీవెన్సన్ స్క్రీన్ అంటే ఇదే. 1860లలో స్కాట్లాండు ఇంజనీరు థామస్ స్టీవెన్సన్ రూపొందించిన పెట్టె ఇంచుమించు ఆ రూపంలోనే మనదాకా వచ్చింది. తలుపు ఉత్తరం వైపు ఉంటే, తీసినప్పుడు లోపల ఎండ పడదు. థర్మామీటరు నేలకు నాలుగు, నాలుగున్నర అడుగుల ఎత్తున ఉండాలి. పెట్టె కింద మట్టో గడ్డో ఉండాలి, బండలు పరిచిన చోటు వద్దు. దగ్గరి గోడ ఎంత ఎత్తుందో దానికి కనీసం రెండింతల దూరం జరుగు.

చదివేటప్పుడు కన్ను పాదరసం మట్టానికి తెచ్చి, ముందు దశాంశం చదవాలి, తర్వాతే డిగ్రీ. పిల్లలు నవ్వుతారు, నవ్వనీ. తలుపు తీసి నిలబడితే మన ఒంటి వేడికి, ఊపిరికి దశాంశమే ముందు కదులుతుంది. ముప్పై ఎనిమిది ముప్పై తొమ్మిది కావడానికి ఇంకాస్త సమయం పడుతుంది.

గరిష్ఠ థర్మామీటరులో పాదరసం జ్వరం చూసే దానిలాగే ఎక్కిన చోటే ఆగిపోతుంది. రాసుకున్నాక విదిలించి దించాలి. వాతావరణ కేంద్రంలో ఉద్యోగానికి చేరిన కొత్తలో ఒక మే సాయంత్రం నేను అది మరిచిపోయాను. మర్నాడంతా మబ్బు, జల్లు, చల్లగాలి. నా పుస్తకంలో మాత్రం 43.2. అది నిన్నటి అంకె! కొట్టేసి, పక్కన “విదిలించలేదు” అని రాసి సంతకం పెట్టాను. ఆ తప్పు ఒక్క రోజుతో పోయింది. అంతకన్నా పెద్దది ఏళ్ల తరబడి చేశాను.

నేను చేరినప్పుడు మా పెట్టెకు ఒక వైపు కందిచేను, ఇంకో వైపు చింతచెట్లు ఉండేవి. తర్వాత ప్రహరీ వచ్చింది, తారు రోడ్డు వచ్చింది, చివరికి మూడంతస్తుల భవనం లేచి, దాని ఏసీల వెనక భాగాలన్నీ మా వైపే తిరిగాయి. ఉదయం ఎనిమిదిన్నరకు చూసే కనిష్ఠం కొంచెం కొంచెంగా పైకి జరుగుతూనే ఉంది. నేను అంకెలు తప్పకుండా రాశాను గాని, ఏ గోడ ఏ నెలలో లేచిందో ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు ఆ పుస్తకం చూసి, ఇందులో ఊరి వేడి ఎంత, కాలం తెచ్చిన వేడి ఎంత అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. అందుకే ప్రతి నెల ఒకటో తేదీన పెట్టె దగ్గర నిలబడి నాలుగు దిక్కులా ఫోనుతో ఫొటోలు తీయించు. చెట్టు కొట్టినా, షెడ్డు వేసినా తేదీతో సహా రాయించు. పెట్టెను జరపాల్సి వస్తే పాత చోట, కొత్త చోట కనీసం ఒక ఏడాది రెండూ నడపాలి.

ఊరి వేడి అంటే మధ్యాహ్నపు మంట అనుకుంటారు చాలామంది. దాని అసలు బలం రాత్రిపూట. గోడలు, స్లాబులు, రోడ్లు పగలంతా తాగిన ఎండను రాత్రి నెమ్మదిగా కక్కుతాయి. ఇరుకు వీధిలో ఆకాశం కనిపించేదే కొంచెం కాబట్టి ఆ వేడికి పైకి పోయే దారీ తక్కువే. లండన్‌లో వాతావరణం రోజూ గమనించి రాసుకున్న ల్యూక్ హోవార్డ్ 1818లో తొలి సంపుటం వేసిన తన లెక్కల్లో, నగరం రాత్రి పల్లె కన్నా 3.7 ఫారన్‌హీట్ డిగ్రీలు, అంటే మన లెక్కలో రెండు డిగ్రీలు, వెచ్చగా ఉందని, పగలు మాత్రం రవ్వంత చల్లగా ఉందని తేల్చాడు. మన దగ్గరా మే నెల మధ్యాహ్నం దుక్కి దున్ని వదిలేసిన చెలక పెనంలా కాలుతుంది. చెట్లున్న వీధి దానికన్నా నయం కావచ్చు. (మా నల్లగొండలో కాంక్రీటు రాకముందే గుట్టలు ఉన్నాయి. ఎండాకాలం సాయంత్రం ఆ బండ మీద కూర్చోలేం.)

నీకు ఒక పని చెబుతాను. రెండో పెట్టె ఒకటి చేయించి, మహబూబ్‌నగర్ పట్టణానికి దూరంగా పిల్లలమర్రి వైపు తెలిసిన వాళ్ల చేనులో పెట్టు. అక్కడి పెద్ద మర్రిచెట్టు కింద మాత్రం వద్దు, ఆ నీడ లెక్కను ఇంకోలా చెడగొడుతుంది. జనవరిలో మబ్బూ గాలీ రెండూ లేని రాత్రుల తర్వాత తెల్లవారి కనిష్ఠాలు పోల్చి చూడండి. తర్వాత గాలి వీచిన రాత్రులవి చూడండి. గాలి ఉన్నప్పుడు తేడా తగ్గిపోతుంది, ఊరి వేడిని అది ఊడ్చుకుపోతుంది.

ఇప్పుడు మీ తోటి ఉపాధ్యాయుడి మాట. ఆయన అన్నదాంట్లో సగం నిజం ఉంది. ఒకప్పుడు ఊరి అంచున ఉన్న బేగంపేట వాతావరణ కేంద్రం ఇప్పుడు హైదరాబాదు నడిబొడ్డున ఉంది. అక్కడి అంకెల్లో నగరం ఉండకుండా ఎలా ఉంటుంది? ఆ సంగతి లెక్కలు కట్టేవాళ్లకూ తెలుసు. ఒక్క బావిలోనే నీరు తగ్గితే ఆ బావిని చూస్తాం, నాలుగు ఊళ్ల బావుల్లో తగ్గితే భూగర్భ జలాన్ని చూస్తాం. అలాగే ఒక కేంద్రాన్ని చుట్టుపక్కల కేంద్రాలతో పోల్చి, అదొక్కటే ఎక్కడ ఎగిరిందో పట్టి సరిచేస్తారు. బ్రిటిష్ వాతావరణ శాస్త్రవేత్త డేవిడ్ పార్కర్ 2004లో నువ్వు చేయబోయే పనినే ప్రపంచమంతటి కేంద్రాలతో చేశాడు. పెరిగిన వేడి నగరాలదే అయితే నిశ్చల రాత్రుల్లో పెరుగుదల ఎక్కువగా, గాలి రాత్రుల్లో తక్కువగా కనబడాలి. రెండూ ఒకేలా పెరిగాయి. ప్రపంచ నేల ఉష్ణోగ్రతల శతాబ్ది పెరుగుదలలో సరిచేయకుండా మిగిలిన పట్టణ ప్రభావం పదోవంతు దాటకపోవచ్చని ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం) 2013 నివేదిక చెప్పింది. సముద్రాలూ వేడెక్కాయి, అక్కడ ఏ ప్రహరీ కట్టారో మీ ఉపాధ్యాయుణ్ణే అడుగు.

అలాగని పట్టణం అంకెను దొంగ అంకె అనుకోవద్దు. స్లాబు కింద పడుకుని తెల్లవార్లూ నిద్రపట్టని ముసలాయనకు ఆ వేడి నిజమే. 2015 మే వడగాలుల తర్వాత ఈ మాట మన జిల్లాల వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. భూగోళం లెక్కకు దాన్ని సరిచేయాలి, ఆసుపత్రి లెక్కకు ఉన్నదున్నట్టు వాడాలి. పుస్తకంలో మాత్రం చూసిన అంకెనే ఉంచు, సవరించాలనిపిస్తే పక్క గడిలో రాసుకో.

ఆదివారాలు, దసరా సెలవుల్లో ఎవరు చూస్తారో ఇప్పుడే తేల్చుకో. ఎవరూ లేని రోజు గడి ఖాళీగా వదిలేయండి. ముందు రోజుకు, తర్వాతి రోజుకు నడిమి అంకె వేసే తెలివైన పిల్లవాడు ప్రతి తరగతిలో ఒకడుంటాడు, వాణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండు.

నా దగ్గరున్న థర్మామీటర్లు రెండు వచ్చే వారం బస్సులో మీ తమ్ముడితో పంపుతున్నాను. మీ అత్తయ్య అదే సంచిలో మామిడికాయ పచ్చడి జాడీ పెడతానంది. ఒప్పుకోలేదు, దానికి వేరే సంచి.

మీ మామయ్య