మొదటిసారి మామిడికాయలు కొంటున్న బిడ్డకు

బిడ్డా,

హన్మకొండలో రూము కుదిరిందని మీ అమ్మ చెప్పింది. మొన్న నువ్వు ఫోన్ చేసి "పెద్దమ్మా, మామిడిపండ్లు ఎట్ల కొనాలి?" అని అడిగితే చాలా సంబురమైంది. ఇన్నేండ్లు అమ్మ తొక్క తీసి, ముక్కలు కోసి గిన్నెలో పెడితే తిన్నావు. ఈసారి కాయ ఏరేది, మాగబెట్టేది, తినేది అంతా నువ్వే. జగిత్యాల దిక్కు మీ పెద్దనాన్నా నేనూ 18 ఏండ్లు తోటలు గుత్తకు పట్టాం కదా, అక్కడ తెలుసుకున్నది రాస్తున్నాను.

పసుపుపచ్చగా మెరిసే పండ్ల జోలికి పోకు, ముదిరిన పచ్చికాయలు కొనుక్కో. కార్బైడ్ అనే మందు‌తో మాగబెట్టొద్దని చట్టం ఉన్నా, వాడేవాళ్లు ఇంకా ఉన్నారు. దానికి తేమ తగిలితే గ్యాసు వచ్చి తొక్క రంగు మారుతుంది, లోపల పులుపు మాత్రం పోదు. పైగా అందులో ఆర్సెనిక్ లాంటి విషాలు కొద్దిగా కలిసి ఉంటాయి. ఇథిలీన్ గ్యాసు గదుల్లో మాగినవి వేరు, వాటికి భయపడనక్కర్లేదు. మాగేటప్పుడు కాయ తనంతట తాను వదిలేదీ ఆ ఇథిలీనే.

ఏప్రిల్ మొదట్లోనే కొనాలని తొందరపడకు. గుత్తకు పట్టిన మొదటి ఏడు, అప్పు టెన్షన్‌తో, ముందు కోస్తే ధర వస్తుందని లేత కాయలు తెంపించాం. పది రోజులు వరిగడ్డిలో పెడితే తొక్క ముడతలు పడింది, లోపల రబ్బరులా ఉండి పుల్లగా తగిలింది. కొన్నవాళ్ల ముఖం చూడలేకపోయాను. కాయలో నిండిన పిండే మాగాక చక్కెర అవుతుంది. పిండి పట్టకముందే తెంపితే ఎన్ని రోజులు దాచినా తీపి రాదు.

ముదిరిన కాయ ఎట్ల తెలుస్తుందంటే, ముచ్చిక (తొడిమ ఉండే చోటు) దగ్గర చిన్న గుంట పడి, దానికి అటూ ఇటూ భుజాలు లేచి ఉంటాయి. చెంపలు నిండుగా ఉంటాయి. ఇంటికి తెచ్చాక బకెట్ నీళ్లలో ఒక్కొక్కటి వేసి చూడు. ముదిరింది మునుగుతుంది, లేతది తేలుతుంది. తేలినవి పప్పులో వేసుకో. చూశాక తడి తుడిచెయ్.

మొదటిసారి కాబట్టి బంగినపల్లి తీసుకో. బేనిషాన్ అన్నా అదే. పీచు ఉండదు, కోయడం తేలిక. హిమాయత్ ధర ఎక్కువ, ఒకటి రెండు చాలు. చిన్న రసాలు చెయ్యి తిరిగాక తెచ్చుకో. కలెక్టర్ కాయ పచ్చిగా ఉప్పూకారం అద్దుకొని తింటేనే నాకు ఇష్టం.

నీ రూములో వరిగడ్డి ఎక్కడ దొరుకుతుంది? అట్టపెట్టెలో పాత పేపర్లు పరిచి, ముచ్చిక కిందికి ఉండేటట్టు ఒకే వరుసగా పేర్చు. పైన ఇంకో పేపరు కప్పు. ప్లాస్టిక్ కవర్లో కట్టకు, చెమర్చి కుళ్లుతాయి. పచ్చికాయను ఫ్రిజ్‌లో అసలే పెట్టకు, చలికి దెబ్బతిని సరిగా మాగదు. తొందరగా కావాలంటే పక్కన ఒక అరటిపండు పెట్టు. మే ఎండల్లో నాలుగు నుంచి ఏడు రోజులు పడుతుంది. రోజూ ఒకసారి తీసి చూసి, మచ్చపడి మెత్తబడినది ఉంటే ఏరెయ్. బొటనవేలితో నొక్కితే ఆ చోటే కమిలిపోతుంది, అరచేతిలో పట్టుకొని మెల్లగా చూడు. పచ్చదనం కొంచెం మిగిలినా సరే, తాళం తీసి రూములోకి అడుగుపెట్టగానే వాసన రావాలి. ఆ రోజు తిను.

తినే ముందు అరగంటైనా నీళ్లలో నానబెట్టి, ముచ్చిక దగ్గర బాగా కడుగు. అక్కడ కారే సొన చర్మాన్ని కాలుస్తుంది. మామిడిదీ జీడిదీ ఒకే కుటుంబం. చిన్నప్పుడు మీ అమ్మ చెట్టు మీది కాయ తెంపి అట్లనే కొరికింది, మూతంతా పొక్కి వారం దాకా కారం తినలేకపోయింది.

బంగినపల్లిని టెంకకు అటొక చెంప, ఇటొక చెంప కోసుకో. టెంక పారెయ్యకు బిడ్డా, అసలు రుచి దానికే అంటుకొని ఉంటుంది. మోచేతి దాకా కారినా ఫరవాలేదు, పాత డ్రెస్ వేసుకొని చీకు. రసాన్ని కోయకూడదు. రెండు అరచేతుల మధ్య అన్ని వైపులా మెల్లగా పిసికి, ముచ్చిక తీసి, మొదటి నాలుగు చుక్కలు పిండి పారేసి, నోటికి పెట్టుకో. రాత్రి పెరుగన్నంలో ఒక చెంప నంజుకో, ఇంకేమీ అక్కర్లేదు.

మృగశిర కార్తె వచ్చి వానలు పడ్డాక మాత్రం ఏ పండైనా కోసి చూడకుండా తినకు. పండు ఈగ గుడ్లు పెడుతుంది, పైకి బాగున్నా లోపల పురుగులుంటాయి. రసాలు ఆ లోపే తెచ్చుకో.

మొదటి కాయ మాగిన రోజు ఫోన్ చెయ్యి. ఎన్ని రోజులు పట్టిందో, వాసన ఎట్లుందో చెప్పు.

నీ పెద్దమ్మ